కాటన్ (ఇంటిపేరు)

కాటన్ ఇంగ్లండు దేశీయులలో కొందరి ఇంటిపేరు. స్మిత్, బ్రౌన్, జోన్స్ వంటి పేర్లతో పోలిస్తే ఈ పేరు గలవారి సంఖ్య తక్కువ. అయినప్పటికీ భారతదేశ చరిత్రలో, ముఖ్యంగా తెలుగు ప్రాంతాల చరిత్రలో, ఈ పేరు పలుచోట్ల కనిపిస్తుంది. ఆంధ్ర ప్రదేశ్‌లో "కాటన్" అనగానే గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ గుర్తుకు వస్తాడు. గోదావరి జిల్లాల ప్రజలు ఆయనను "కాటన్ దొర" అనే పిలిచారు. ఇంటిపేరుతోనే పిలవడం వలన ఇదే పేరు గల ఇతరుల పనులను ఆయనకు, ఆయన పనులను ఇతరులకు ఆపాదించడం అప్పుడప్పుడు జరుగుతూ ఉంటుంది. బెంగుళూరులోని పాఠశాల, గౌహతిలోని కళాశాల, ధవళేశ్వరంలోని బారేజి ముగ్గురు వేర్వేరు కాటన్‌ల పేర వెలసినవి.

పేరు పుట్టుక

ఇంగ్లీషులో పత్తిని కూడా ఇదే మాటతో పిలుస్తారు కనుక ఈ ఇంటిపేరు పత్తి వ్యాపారం నుండి వచ్చినదని చాలామంది భావిస్తారు. అది సరి కాదు. పత్తి అనే అర్థం గల మాట అరబ్బీ భాష నుండి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో ప్రవేశించింది. ఇంటిపేరు మాత్రం ప్రాచీన ఆంగ్లంలో గుడిసె లేక చిన్న ఇల్లు అనే అర్థం గల "కాట్" అనే పదం నుండి పుట్టింది. ఆ పదం యొక్క బహువచన రూపానికి "గుడిసెల వద్ద" అని అర్థం. ఆ విధంగా గుడిసెల సముదాయాలుగా మొదలైన పల్లెలకు కాటన్, కోటన్ అనే పేర్లు స్థిరపడ్డాయి. సఫోక్, స్టాఫర్డ్‌షైర్ మొదలగు ప్రాంతాలలో కాటన్ అనే ఊళ్ళు నేటికీ ఉన్నాయి. ఆ ఊళ్ళ నుండి వచ్చిన కుటుంబాలకు ఊరి పేరే ఇంటిపేరయింది.

తెలుగువారికి ఈ పద్ధతి కొత్త కాదు. చోడవరం నుండి చోడవరపువారు, వేమూరు నుండి వేమూరివారు ఏర్పడిన తీరే ఇది. భేదమల్లా తెలుగులో ఇంటిపేరు ముందు, ఇంగ్లీషులో వెనుక రావడమే. ఒకే పేరు గల ఊళ్ళు అనేకం ఉన్నందున కాటన్ అనే పేరు గలవారందరూ ఒకే వంశస్థులు కారు. భారతదేశానికి వచ్చిన కాటన్‌లలో కూడా కనీసం రెండు వేర్వేరు కుటుంబాలు ఉన్నాయి.

కాంబర్‌మియర్ కాటన్‌లు

వీరిది చెషైర్‌లోని కాంబర్‌మియర్ అబ్బే. ఈ కుటుంబానికి చెందిన సర్ లించ్ సాల్స్‌బరీ కాటన్ నాలుగవ బారొనెట్. ఆయన మనుమలలో పలువురు సైన్యంలోను, నౌకాదళంలోను, మతసంస్థలలోను పెద్ద పదవులు పొందారు.

వారిలో అందరికంటే ఉన్నత స్థానానికి ఎదిగినవాడు స్టేపుల్టన్ కాటన్ (1773-1865). ఇతడు 1799లో టిప్పు సుల్తానుపై జరిగిన శ్రీరంగపట్నం ముట్టడిలో యువ అధికారిగా పాల్గొన్నాడు. తరువాత స్పెయిన్‌లో వెల్లింగ్టన్ క్రింద ఆశ్వికదళాన్ని నడిపాడు. 1825లో భారతదేశ సర్వసైన్యాధిపతిగా వచ్చి, 1826 జనవరిలో భరత్‌పూర్ కోటను పట్టుకున్నాడు. అంతకు రెండు దశాబ్దాల ముందు లార్డ్ లేక్ ఎన్నిమార్లు ప్రయత్నించినా ఆ కోట లొంగలేదు. 1827లో వైకౌంట్ కాంబర్‌మియర్ అయ్యాడు, 1855లో ఫీల్డ్ మార్షల్ హోదా పొందాడు.

ఇదే కుటుంబానికి చెందిన సర్ విలబీ కాటన్ (1783-1860) మొదటి ఆఫ్ఘన్ యుద్ధంలో సేనాని. అంతకు ముందు 1831-32లో జమైకాలో బానిసల తిరుగుబాటును అణచివేసిన సైన్యాలకు నాయకత్వం వహించాడు. కాబూలులో ఇతని తరువాత బాధ్యత స్వీకరించిన ఎల్ఫిన్‌స్టన్ కాలంలోనే బ్రిటిషు సైన్యం తిరుగుప్రయాణంలో సర్వనాశనమయింది.

స్టేపుల్టన్ పినతండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్‌కు పదకొండుమంది కుమారులు. వారిలో సిడ్నీ జాన్ కాటన్ (1792-1874) ఆస్ట్రేలియాలోని మోర్టన్ బే ఖైదీల స్థావరానికి 1837 నుండి 1839 వరకు అధిపతిగా ఉన్నాడు. బ్రిస్బేన్ నగరం ఆ స్థావరం నుండే పెరిగింది. 1857 తిరుగుబాటు సమయంలో పెషావరులో సేనాధిపతి ఇతడే. రిచర్డ్ లించ్ కాటన్ (1794-1880) ఆక్స్‌ఫర్డ్‌లోని వూస్టర్ కళాశాలకు నాలుగు దశాబ్దాలు అధిపతి, 1852 నుండి 1856 వరకు ఆ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు. ఫ్రెడరిక్ కానియర్స్ కాటన్ మద్రాసు ఇంజనీర్ల దళంలో పనిచేసి మేజర్ జనరల్ అయ్యాడు. పదకొండుమందిలో పదవవాడు ఆర్థర్ థామస్ కాటన్.

సర్ ఆర్థర్ కాటన్

ఆర్థర్ కాటన్ 1803 మే 15న జన్మించాడు. అడిస్కోంబ్‌లోని ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చదివి, 1821లో మద్రాసు చేరాడు. మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్న తరువాత కావేరీ నదిపై పనులు అప్పగించబడ్డాయి. కావేరి నుండి కొల్లడం పాయకు నీరు అధికంగా మళ్ళిపోవడం వలన తంజావూరు పొలాలు ఎండిపోతుండగా, 1836లో కొల్లడంపై ఎగువ, దిగువ ఆనకట్టలను నిర్మించాడు. చోళుల కాలపు కల్లణై ఆయనకు పాఠశాల వంటిది. ఇసుక నేలలో, గట్టి రాయి తగలకుండానే పునాది నిలపవచ్చునన్న రహస్యాన్ని ఆ ప్రాచీన నిర్మాణం నుండే నేర్చుకున్నట్లు ఆయన తన రచనలలో స్వయంగా అంగీకరించాడు. ధవళేశ్వరానికి మూలం ఇదే కనుక ఈ విషయం గమనించదగినది.

మద్రాసు దగ్గర ఎర్రకొండల (రెడ్ హిల్స్) నుండి రాళ్ళు చేరవేయడానికి 1830లలో వేసిన రైలుమార్గం కూడా ఆయన పనియే. భారతదేశంలో వేసిన మొట్టమొదటి రైలుమార్గాలలో అది ఒకటి. తరువాతి కాలంలో రైళ్ళకన్నా కాలువలే మేలని జీవితాంతం వాదించిన వ్యక్తి చరిత్రలో ఇదొక విచిత్రం.

అనారోగ్యంతో సెలవుపై ఆస్ట్రేలియా ప్రాంతానికి వెళ్ళి, 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను వివాహమాడాడు. తిరిగి వచ్చిన తరువాత కొంతకాలం విశాఖపట్నంలో పనిచేశాడు. సముద్రం కోసివేస్తున్న విశాఖ తీరాన్ని కాపాడటానికి రాతి అడ్డుకట్టలు వేయించాడు. కాటన్ పేరు గోదావరితో ముడిపడినందున ఈ విశాఖ ఘట్టం అంతగా ప్రచారంలోకి రాలేదు. పూర్వపు విశాఖ జిల్లా లోపలి ప్రాంతాలైన చోడవరం, చీడికాడలకు శారద, బొడ్డేరు వంటి చిన్న నదులు, చెరువులే ఆధారం. కాటన్ కాలువలు ఇంత దూరం రాలేదు.

అప్పటి రాజమండ్రి జిల్లా పరిస్థితి దయనీయంగా ఉండేది. 1832-33లో నందన నామ సంవత్సర క్షామం, 1839లో కోరంగి తీరాన్ని ముంచిన తుఫాను, మధ్యలో వరుస వానలేమి ప్రజలను చెదరగొట్టాయి. 1821లో సుమారు 7.38 లక్షలున్న జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు తగ్గింది. జిల్లా మధ్యగా దేశంలోని పెద్ద నదులలో ఒకటి ప్రవహిస్తుండగానే ఇది జరిగింది. పరిస్థితిని పరిశీలించిన సర్ హెన్రీ మాంట్‌గొమరీ, ఇంజనీరు చేత పరిశీలన చేయించాలని సిఫారసు చేశాడు. ఆ పని కాటన్‌కు అప్పగించబడింది.

కాటన్ నివేదికలకు 1846 చివర అనుమతి లభించింది. 1847లో పని మొదలై 1852లో ముగిసింది. నది రెండు పాయలుగా చీలబోయే చోట, లంకల మధ్య ధవళేశ్వరం, ర్యాలీ, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట కట్టబడింది. కట్టడం మొత్తం పొడవు సుమారు 3.6 కిలోమీటర్లు. ఇసుకలో నూతులు దించి వాటిపై గోడ లేపి, గోడకు దిగువన బండరాళ్ళను వాలుగా పేర్చారు. వరద వచ్చినప్పుడు కొన్ని రాళ్ళు ఇసుకలోకి కుంగితే వాటిపై మళ్ళీ రాళ్ళు వేసేవారు. కొన్ని సంవత్సరాలకు అడుగు తనంతట తాను గట్టిపడుతుంది. రాయి ధవళేశ్వరం కొండల నుండే లభించడం ఖర్చును బాగా తగ్గించింది.

కాటన్ అనారోగ్యంతో సెలవులో ఉన్నప్పుడు కెప్టెన్ ఆర్ పనిని కొనసాగించాడు. బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్టను 1855లో పూర్తిచేసినవాడు కూడా ఆ ఆర్ గారే. కూలీలను సమకూర్చడంలోను, పనిని నడిపించడంలోను వీణెం వీరన్న చేసిన సేవ పెద్దది. కాటన్ పేరుకు లభించిన ప్రచారంలో ఇతని పేరు, రాళ్ళు మోసిన వేలాది కూలీల శ్రమ మరుగున పడ్డాయి.

ఆనకట్ట వలన కలిగిన ఫలితం గురించి వేరుగా చెప్పనక్కర లేదు. మెట్ట పంటలకు, కరువుకు అలవాటు పడిన నేల వరి పొలమయింది. కాలువలలో పడవలు నడిచాయి, లాకుల వద్ద ఊళ్ళు పెరిగాయి. ధాన్యానికి కాకినాడ రేవు మార్గమయింది. పాత ఆనకట్ట స్థానంలో 1970లో ప్రారంభమై 1982లో పూర్తయిన బారేజికి సర్ ఆర్థర్ కాటన్ బారేజి అని పేరు పెట్టారు. దాని క్రింద ప్రస్తుతం సుమారు పది లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. హైదరాబాదు ట్యాంకుబండుపై ప్రతిష్ఠించిన తెలుగు ప్రముఖుల విగ్రహాలలో ఇతని విగ్రహం కూడా చేర్చబడింది. గోదావరి స్నాన సంకల్పంలో కాటన్‌ను స్మరించే ఆచారం డెల్టాలోని కొందరు పండితులలో ఉంది. ఒక విదేశీ ఇంజనీరుకు ఇటువంటి స్థానం లభించడం అరుదు.

అన్ని పథకాలూ ఇలా ఫలించలేదు. ఆయన ప్రోత్సాహంతో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్ర నుండి కర్నూలు-కడప కాలువ తవ్వింది. అంచనాలు తప్పాయి, నీటికి రైతులు ముందుకు రాలేదు. చివరకు 1882లో ప్రభుత్వం ఆ కాలువను స్వాధీనం చేసుకోవలసి వచ్చింది. డెల్టాలో ఫలించిన సూత్రం రాయలసీమ నల్లరేగడిలో అదే విధంగా ఫలించదని ఈ అనుభవం చూపింది. 1878లో బ్రిటిషు పార్లమెంటు సంఘం ముందు కాలువల పక్షాన కాటన్ వాదించినప్పుడు ప్రత్యర్థులు ఈ నష్టాలనే ఎత్తిచూపారు. 1876-78 కరువులో దక్షిణ భారతంలో లక్షలాదిమంది మరణించిన వెంటనే జరిగిన విచారణ అది. రైళ్ళు ధాన్యాన్ని మోయగలవు గాని పండించలేవన్నది కాటన్ వాదన సారాంశం. సంఘం ఆయన మాటను అంగీకరించలేదు. కాని కరువు రోజులలో గోదావరి డెల్టా తనను తాను పోషించుకోవడమే గాక ఇతరులకు ధాన్యం పంపగలిగిందన్న వాస్తవాన్ని ఎవరూ కాదనలేకపోయారు.

కాటన్‌కు 1861లో సర్ బిరుదు లభించింది. 1899 జూలై 24న ఇంగ్లండులోని డార్కింగ్‌లో మరణించాడు.

లేడీ హోప్

ఆర్థర్ కాటన్ కుమార్తె ఎలిజబెత్ రీడ్ కాటన్ (1842-1922). వివాహానంతరం లేడీ హోప్ అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. తండ్రి జీవితచరిత్రను 1900లో ప్రచురించింది. కాటన్ గురించి తెలుగులో వచ్చిన అనేక రచనలకు ఆ పుస్తకమే పరోక్షంగా ఆధారం. కూతురి భక్తి అందులో అడుగడుగునా కనిపిస్తుంది కనుక పాఠకులు ఆ విషయం దృష్టిలో ఉంచుకొని చదవాలి.

ఈమె పేరు మరొక కారణం వలన కూడా ప్రపంచమంతటా వినబడుతుంది. పరిణామ సిద్ధాంతకర్త ఛార్లెస్ డార్విన్ తన చివరి రోజులలో బైబిలు చదువుతూ, తన సిద్ధాంతం పట్ల పశ్చాత్తాపపడగా తాను చూశానని ఈమె చెప్పినట్లు 1915లో ఒక అమెరికా పత్రికలో కథ వచ్చింది. అప్పటికి డార్విన్ మరణించి 33 ఏళ్ళు. మరణ సమయంలో తాను తండ్రి పక్కనే ఉన్నానని, లేడీ హోప్ రాలేదని డార్విన్ కుమార్తె హెన్రియెట్టా 1922లో ఖండించింది. చరిత్రకారులు ఆ కథను అంగీకరించరు. అయినా అది నేటికీ కరపత్రాలలో వెలువడుతూనే ఉంది. ఆ కథను చదివే తెలుగువారిలో ఈమె ధవళేశ్వరం కాటన్ కూతురని ఎరిగినవారు కొద్దిమందే.

కుంభకోణంలో పుట్టిన హెన్రీ కాటన్

సర్ హెన్రీ కాటన్ (1845-1915) తరచుగా ఆర్థర్ కాటన్ కుమారుడని పొరబడబడే వ్యక్తి. పుట్టినది కావేరీ తీరాన కుంభకోణంలో. తండ్రి మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి. కాని ఈ కుటుంబం కాంబర్‌మియర్ కాటన్‌లకు చెందినది కాదు. వీరి పూర్వీకుడు జోసెఫ్ కాటన్ (1745-1825) ఓడ కెప్టెన్‌గా మొదలై ఈస్టిండియా కంపెనీ డైరెక్టరయ్యాడు.

హెన్రీ కాటన్ బెంగాలులో ఐ.సి.ఎస్. అధికారి. 1896 నుండి 1902 వరకు అస్సాం చీఫ్ కమిషనరు. 1901లో గౌహతిలో కాటన్ కళాశాల స్థాపించబడింది, అది 2017లో కాటన్ విశ్వవిద్యాలయం అయింది. తేయాకు తోటల కూలీల వేతనం పెంచాలని పట్టుబట్టి తెల్లదొరల తోటల యజమానుల ఆగ్రహానికి గురయ్యాడు. ఆ విషయంలో వైస్రాయి కర్జన్ నుండి అండ లభించలేదు. ఉద్యోగ విరమణ తరువాత 1904లో బొంబాయిలో జరిగిన భారత జాతీయ కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించాడు. బెంగాలు విభజన ప్రతిపాదనను వ్యతిరేకించాడు. 1906లో నాటింగ్‌హాం నుండి పార్లమెంటుకు ఎన్నికై అక్కడ కూడా భారతదేశం పక్షాన మాట్లాడాడు.

ఇతని తమ్ముడు జేమ్స్ సదర్లాండ్ కాటన్ (1847-1918) ఇంపీరియల్ గెజటీర్ సంపాదకులలో ఒకడు. కుమారుడు ఎవాన్ కాటన్ (1868-1939) కలకత్తా చరిత్రకారుడు, బెంగాలు శాసనమండలి అధ్యక్షుడు. మరొక కుమారుడు జూలియన్ జేమ్స్ కాటన్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేస్తూ, రాష్ట్రమంతటా ఉన్న యూరోపియన్ సమాధుల శాసనాలను సేకరించి 1905లో ప్రచురించాడు. మచిలీపట్నం, భీమునిపట్నంలలోని డచ్చివారి సమాధుల గురించి పరిశోధించేవారికి ఆ సంపుటి నేటికీ అవసరమే. శిథిలమై అక్షరాలు చెరిగిపోయిన రాళ్ళ పాఠం కొన్నిచోట్ల అందులో మాత్రమే మిగిలింది.

బిషప్ కాటన్

జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్ (1813-1866) 1858 నుండి కలకత్తా బిషప్. అంతకు ముందు మార్ల్‌బరో పాఠశాల అధిపతి. 1859లో సిమ్లాలో పాఠశాల స్థాపించాడు. 1865లో బెంగుళూరులో వెలసిన పాఠశాలకు ఇతని పేరే పెట్టారు. 1866 అక్టోబరు 6న, ప్రస్తుతం బంగ్లాదేశ్‌లో ఉన్న కుష్టియా వద్ద స్టీమరు ఎక్కబోతూ పలకపై కాలుజారి గొరాయి నదిలో పడిపోయాడు, శవం దొరకలేదు.

హైదరాబాదుకు ఆయుధాలు తెచ్చిన సిడ్నీ కాటన్

ఫ్రెడరిక్ సిడ్నీ కాటన్ (1894-1969) ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో జన్మించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమాన చోదకుడు. ఎత్తులో చలి తగలకుండా 1917లో ఇతడు రూపొందించిన దుస్తులు "సిడ్‌కాట్" అనే పేరుతో వైమానికులందరికీ అలవాటయ్యాయి. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు వ్యాపారి వేషంలో జర్మనీ మీద ఎగురుతూ రహస్యంగా ఛాయాచిత్రాలు తీశాడు. బ్రిటిషు వైమానిక ఛాయాచిత్ర గూఢచర్యానికి పునాది వేసినవారిలో ఒకడు. అయినా పై అధికారులతో పొసగక 1940లో ఆ బాధ్యతల నుండి తొలగించబడ్డాడు.

1948లో నిజాం ప్రభుత్వం భారత యూనియన్‌లో చేరడానికి నిరాకరించగా, భారత ప్రభుత్వం సంస్థానానికి వస్తువుల రాకపోకలను అరికట్టింది. అప్పుడు సిడ్నీ కాటన్ లాంకాస్ట్రియన్ విమానాలు సంపాదించి, కరాచీ నుండి రాత్రివేళలలో భారత భూభాగం మీదుగా ఎగిరి బీదరు, వరంగల్లు విమానాశ్రయాలకు ఆయుధాలు చేరవేశాడు. ఆకలితో ఉన్న ప్రజలకు మందులు, ఆహారం తెచ్చానని అతడు సమర్థించుకున్నాడు. రజాకార్ల దౌర్జన్యాలు తెలంగాణా పల్లెలలో సాగుతున్న రోజులవి. 1948 సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య ఐదు రోజులలో ముగియడంతో ఆ ఆయుధాల ప్రభావం అంతగా కనిపించలేదు. ఇంగ్లండులో అతనిపై విచారణ జరిపి 200 పౌండ్ల జరిమానా మాత్రం విధించారు. తెలుగునాట ఒక కాటన్ విగ్రహాలు అనేకం ఉండగా, ఈ కాటన్‌ను సంస్థానం చివరి రోజులపై వెలువడిన పుస్తకాలలోనే వెతుక్కోవాలి.

పుస్తకాలు, శాస్త్రాలు

సర్ రాబర్ట్ బ్రూస్ కాటన్ (1571-1631) ఇంగ్లండులో మఠాలు రద్దయిన తరువాత చెల్లాచెదురైన వ్రాతప్రతులను సేకరించాడు. అతని గ్రంథాలయంలో పుస్తకాల బీరువాలపై రోమను చక్రవర్తుల ప్రతిమలు ఉండేవి. ఆ పేర్లతోనే వ్రాతప్రతులను నేటికీ గుర్తిస్తారు. ప్రాచీన ఆంగ్ల కావ్యం బేవుల్ఫ్‌కు మిగిలిన ఏకైక ప్రతి, 1215 నాటి మాగ్నా కార్టా ప్రతులు రెండు ఈ సేకరణలోనివే. 1731లో జరిగిన అగ్నిప్రమాదంలో అనేక ప్రతులు కాలిపోయాయి, బేవుల్ఫ్ అంచులు మాడి బయటపడింది. 1753లో బ్రిటిష్ మ్యూజియం ఏర్పడినప్పుడు ఈ గ్రంథాలయం దాని మూల సేకరణలలో ఒకటయింది. తాళపత్రాలు చెదపురుగుల పాలవుతుండగా ఊరూరా సేకరించిన సి.పి.బ్రౌన్ కృషితో దీనిని పోల్చవచ్చు.

ఎఫ్. ఆల్బర్ట్ కాటన్ (1930-2007) అమెరికా రసాయన శాస్త్రవేత్త. లోహ పరమాణువుల మధ్య నాలుగు బంధాలు ఏర్పడగలవని 1964లో నిరూపించాడు. జెఫ్రీ విల్కిన్సన్‌తో కలసి 1962లో వెలువరించిన ఇనార్గానిక్ కెమిస్ట్రీ గ్రంథం "కాటన్ అండ్ విల్కిన్సన్"గా మన విశ్వవిద్యాలయాల ఎమ్మెస్సీ విద్యార్థులందరికీ సుపరిచితం.

భౌతికశాస్త్రంలో వినిపించే కాటన్-మూటన్ ప్రభావం, గణితంలోని కాటన్ టెన్సర్ మాత్రం ఫ్రెంచి సోదరులైన ఎమే, ఎమిల్ కాటన్‌ల పేర ఏర్పడ్డాయి. అక్షరాలు ఒకటే అయినా వీరిది ఫ్రెంచి ఇంటిపేరు.

ఇతరులు

ఛార్లెస్ కాటన్ (1630-1687) - ఆంగ్ల కవి, మాంటేన్ వ్యాసాల అనువాదకుడు.
జాన్ కాటన్ (1585-1652) - ప్యూరిటన్ మతాచార్యుడు, అమెరికాలోని బోస్టన్‌లో స్థిరపడ్డాడు. ఇతని మనుమడు కాటన్ మేదర్‌కు తాతగారి ఇంటిపేరే పేరుగా పెట్టారు.
హెన్రీ కాటన్ (1907-1987) - గోల్ఫ్ క్రీడాకారుడు, 1934, 1937, 1948లలో బ్రిటిష్ ఓపెన్ విజేత. అస్సాం చీఫ్ కమిషనరు హెన్రీ కాటన్ ఇతడు కాదు.
బిల్లీ కాటన్ (1899-1969) - ఆంగ్ల వాద్యబృంద నాయకుడు.
ఫ్రాన్ కాటన్ (జననం 1947) - ఇంగ్లండు రగ్బీ క్రీడాకారుడు.
ఫెర్న్ కాటన్ (జననం 1981) - ఆంగ్ల రేడియో, టెలివిజన్ వ్యాఖ్యాత.